స్నోలో ఏది మేలు: ఆల్ వీల్ డ్రైవా, వింటర్ టైర్లా?

డెట్రాయిట్, షికాగో, మినియాపొలిస్ వైపు కొత్తగా వచ్చిన మనవాళ్లు అక్టోబరు రాగానే అడిగే ప్రశ్న ఇదే. కారు మార్చి ఆల్ వీల్ డ్రైవ్ కొనాలా, ఉన్న సెడాన్‌కే వింటర్ టైర్లు వేయించాలా?

ఆల్ వీల్ డ్రైవ్‌తో లాభం లేదనను. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది కాబట్టి, డ్రైవ్‌వేలో ఆరంగుళాల స్నో పడినా, ఎత్తు మీద సిగ్నల్ పడి ఆగినా చక్రాలు ఉన్నచోటే తిరగకుండా బండి కదులుతుంది. ఆపేటప్పుడు మాత్రం అది అక్కరకు రాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి; బండిని ఆపేది రోడ్డును పట్టుకునే రబ్బరే. పైగా బండి సులువుగా కదిలిపోతుంటే రోడ్డు ఎంత జారుతోందో తెలియదు. ముందు కారు ఆగినప్పుడే తెలుస్తుంది.

అందుకే నేను టైర్ల వైపే. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే మామూలుగా కార్లకు ఉండే ఆల్ సీజన్ టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. వింటర్ టైరుది గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాన్ని దగ్గరగా చూడండి: రోడ్డుకు తగిలే ఒక్కో రబ్బరు దిమ్మ మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి వంకర చీలికలు. బ్రేకు వేయగానే అవి విచ్చుకుని, అంచులతో స్నోను గీరి పట్టుకుంటాయి.

వేస్తే నాలుగూ వేయండి. ముందు రెండే మారిస్తే ముందు చక్రాలు పట్టుకుంటాయి, వెనకవి జారి బండి అడ్డం తిరుగుతుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండలో స్నోఫ్లేక్ బొమ్మ ఉండాలి. ఒట్టి 'ఎం ప్లస్ ఎస్' (మడ్ అండ్ స్నో) ముద్ర గాడుల తీరును చూసి వేసేది, దాన్ని నమ్ముకోవద్దు. గాడి లోతు అంగుళంలో 32కి 5 వంతులకు దిగితే స్నోలో పట్టు బాగా సడలినట్టే. విడి రిమ్ములకు బిగించి ఉంచుకుంటే ప్రతి ఏడాదీ టైర్లు ఊడదీసి ఎక్కించే పని తప్పుతుంది. చక్రాలు మార్చాక 50 నుంచి 100 మైళ్లు తిరిగి, నట్లు సరైన బిగువులో ఉన్నాయో లేదో టార్క్ రెంచి (బిగువు కొలిచే పానా)తో మళ్లీ చూసుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ పడిపోతుంది. పొద్దున్నే, బండి తీయకముందే కొలవండి.

ఆల్ సీజన్ వేరు, ఆల్ వెదర్ వేరు: స్నోఫ్లేక్ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు వర్జీనియా లాంటి చోట్ల ఏడాదంతా సరిపోతాయి. టైర్లకు చుట్టే చెయిన్లు కొండ దారులకే. కెనడాలోని క్యూబెక్‌లో అయితే ఎంచుకునే పనే లేదు, డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే.

ఇప్పటికే ఆల్ వీల్ డ్రైవ్ ఉందా? దానికీ ఈ టైర్లే వేయండి, ఏప్రిల్‌లో ఎండ ముదరగానే తీసేయండి. వేడి రోడ్డు మీద ఆ మెత్తటి రబ్బరు ఇట్టే అరిగిపోతుంది.