ఐఎన్‌ఎస్ గోదావరి నమూనా: పనితనం బాగుంది, ఫలకమే అసంపూర్ణం

సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో భారత నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ గోదావరి ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక) నమూనా కొన్నాను. 126 మీటర్ల ఓడను 350వ వంతుకు కుదించి 36 సెంటీమీటర్లలో చేశారు, కొలతల్లో తేడా లేదు. ముందు డెక్కు మీద జంట గొట్టాల 57 మిల్లీమీటర్ల తుపాకీ, దానికి ఇరువైపులా ఉన్న క్షిపణి గొట్టాలు అంత చిన్న పరిమాణంలోనూ చక్కగా తేలాయి. అయితే రెండు సీ కింగ్ హెలికాప్టర్లను మోయగలగడమే ఈ ఓడకు పేరు తెచ్చిన విశేషం కాగా, నమూనాలో ఒక్కటే పెట్టడం నాకు నచ్చలేదు.

అంతకన్నా పెద్ద లోటు పీఠం మీది ఫలకంలో ఉంది. 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరిందని చెక్కారు గానీ, 2015 డిసెంబరు 23న ముంబయిలో విశ్రాంతి పొందిందని రాయలేదు. యుద్ధనౌకను అర్థం చేసుకోవాలంటే దాని ఆయుష్షు తెలియాలి. ఉప్పునీరు ఉక్కు పలకలను తింటూ ఉంటుంది, ఆవిరి బాయిలర్లు, పైపులు ఏళ్ల తరబడి వేడికీ ఒత్తిడికీ అరిగిపోతాయి, రాడార్లు, ఆయుధాలు కాలం చెల్లినవవుతాయి. డ్రైడాక్‌లో (నీళ్లు తోడేసి ఓడను బాగుచేసే రేవులో) పెట్టి ఎన్నిసార్లు మరమ్మతు చేసినా, ఒక దశ దాటాక ఆ ఖర్చుకు తగిన ఫలితం దక్కదు. ఆ ఒత్తిళ్ల మధ్య ముప్పై రెండేళ్లు పనిచేయడం చిన్న విషయం కాదు. దీని తోటి నౌకలు గంగ 2018లో, గోమతి 2022లో సెలవు తీసుకున్నాయి.

ధరకు తగిన వస్తువే. కొనేవారు రెండో హెలికాప్టర్‌నూ, రెండు తేదీలున్న ఫలకాన్నీ ముందే అడిగి చేయించుకోవడం మంచిది.