జాక్సన్ హైట్స్‌లో బంగినపల్లి పెట్టెలు కొనేవారికి హెచ్చరిక

న్యూయార్క్‌లోని జాక్సన్ హైట్స్‌లో, 74వ వీధికి సరుకులకని వెళ్ళే తెలుగువారు ఈ మామిడికాలంలో నాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. గత శనివారం అక్కడి ఒక కిరాణా దుకాణంలో 'బంగినపల్లి, 12 కాయలు' అని రాసి ఉన్న పెట్టెను 45 డాలర్లకు కొన్నాను. దుకాణదారు మూత ఒక పక్కన ఎత్తి నాలుగు కాయలు చూపించాడు. పసుపుపచ్చని నున్నటి తోలు, ముచ్చిక దగ్గర నోరూరించే వాసన చూసి, మిగిలినవి విప్పమని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఏడో నంబరు రైల్లో ఇంటికి తెచ్చి ఫోమ్ తొడుగులు తీసి చూస్తే, ఆ నాలుగూ తప్ప మిగిలిన ఎనిమిదీ మెక్సికో నుంచి వచ్చే అటాల్ఫో కాయలు. అవి చిన్నవి, జీడిపప్పులా వంపు తిరిగినవి. రెండింటికి రసం కారి అట్ట తడిసిపోయింది. అటాల్ఫో చెడ్డ పండేమీ కాదు, పెరుగన్నంలోకి నేను ఇష్టంగానే తింటాను, కాని దానికి బంగినపల్లి ధర ఎవరిస్తారు?

2007 నుంచి మన మామిడిని అమెరికాలోకి రానిస్తున్నది, భారతదేశంలోనే అనుమతి పొందిన కేంద్రంలో రేడియేషన్ శుద్ధి చేశాకనే. ఆ సంగతి తెలిపే 'రాడురా' అనే గుండ్రటి గుర్తు పెట్టె మీద ఉంటుంది. నా పెట్టె మీదా ఉంది, అందుకే నమ్మాను. తరువాత తేరిపార చూస్తే పాత టేపు మీద మెరుస్తున్న కొత్త టేపు ఇంకొకటి కనిపించింది. పెట్టె అసలుదే, మారినవి లోపలి కాయలు.

మర్నాడు వాటిని తిరిగి తీసుకెళ్తే, పండ్లు వెనక్కి తీసుకోబోమన్న బోర్డు చూపించారు. బిల్లులో 'మ్యాంగో బాక్స్' అని మాత్రమే ఉండడంతో ఏ రకానికి డబ్బు తీసుకున్నారో నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. పైగా ఆ బిల్లు 46.35 డాలర్లు. న్యూయార్క్‌లో పండ్లకు అమ్మకపు పన్ను లేదు, ఆ 1.35 క్రెడిట్ కార్డు వాడినందుకట. కార్డుతో చెల్లిస్తే ఎంతవుతుందో ముందే ధరలో చూపాలని 2024 ఫిబ్రవరి 11 నుంచి రాష్ట్రంలో చట్టం అమలులో ఉన్నా, ఆ పెట్టెల దగ్గర 45 తప్ప మరో అంకె లేదు. ఫొటోలు, బిల్లు జతచేసి నగర ఫిర్యాదుల సేవ అయిన 311 ద్వారా వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు చేశాను.

ఆ వీధిలో అందరూ ఇలా చేస్తారని నేను అనను. రెండు కొట్ల అవతల ఒకాయన అడగకుండానే పెట్టె మొత్తం విప్పి చూపిస్తాడు. మీరు ఎక్కడ కొన్నా టేపు ఒకటే ఉందో లేదో చూసి, ప్రతి కాయకూ తొడుగు తీయించి, బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. విప్పడానికి ఒప్పుకోకపోతే ఆ పెట్టెను అక్కడే వదిలేసి రండి.