డాబా మీద గింజల నుంచి పెంచిన చెట్లు: ఏడేళ్ళ పెంపకం తర్వాత

2018 జూన్‌లో మొదలుపెట్టా. మాది ఉప్పల్ వైపు ఇండిపెండెంట్ ఇల్లు, పైన డాబా అంతా ఖాళీ, నర్సరీలో ఒక్క అడీనియం (ఎడారి గులాబీ) మొక్క ఆరొందలు చెప్పారు, ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో చూస్తే పది గింజలు నూటయాభై, వెంటనే తెప్పించా. అప్పట్నుంచి అడీనియం, తురాయి, బావోబాబ్, జకరండా, దేవగన్నేరు అన్నీ గింజ వేసే పెంచా. కొన్ని నిలబడ్డాయి, చాలా పోయాయి. మొక్క కొనాలా గింజ వెయ్యాలా అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నాకు తేలింది ముందే చెప్పేస్తా. గింజ తాజాదైతే సగం పని అయిపోయినట్టే, పాతదైతే మీరు ఎన్ని మందులు వేసినా ఎంత ఖరీదు ట్రే కొన్నా లాభం లేదు. ఆ మొదటి ప్యాకెట్‌లో పదికి రెండే మొలిచాయి. ప్యాకెట్ మీద నీలం పూల ఫోటో, రెండేళ్ళు పెంచితే పూసింది మామూలు గులాబీ రంగు. అసలు అడీనియంలో నీలం రంగే లేదు, ఎవరైనా నీలం అని అమ్ముతుంటే డబ్బులు పెట్టకండి. ఇంకో సంగతి, గింజ నుంచి వచ్చిన అడీనియం తల్లి మొక్క రంగే పూస్తుందని గ్యారంటీ లేదు, ఫలానా రంగే కావాలంటే అంటు మొక్క కొనుక్కోవడమే. అయితే గింజ మొక్కకి మొదలు లావుగా కుండలాగా ఊరుతుంది చూశారా, కొమ్మ నాటితే ఆ అందం రాదు. నేను గింజని వదలకపోవడానికి కారణం అదే.

మూడో ఏడు మా పిన్ని వాళ్ళింట్లో అడీనియం కాయ పగిలితే ఆ గింజలు పొట్లం కట్టి ఇచ్చింది, నలభై దాకా ఉంటాయి, వారం తిరక్కుండా వేశా. ఐదో రోజు పొద్దున చూస్తే ట్రే నిండా ఆకుపచ్చ. లెక్కపెడితే ముప్ఫై నాలుగు! అదే ట్రే, అదే మట్టి, అదే నేను. ఆ రోజుతో ప్యాకెట్లు కొనడం బాగా తగ్గించేశా.

అడీనియం గింజ సన్నని పుల్లముక్కలా ఉంటుంది, రెండు కొసలా దూదిలాంటి కుచ్చు. నిలువుగా గుచ్చకుండా పడుకోబెట్టి పైన పల్చగా ఇసుక చల్లితే చాలు. మన హైదరాబాద్‌లో దీనికి మార్చి, ఏప్రిల్ మంచి టైమ్, వేడి ఎంత ఉంటే అంత తొందరగా మొలుస్తుంది. డిసెంబర్‌లో వేసి ఒకసారి మొత్తం పోగొట్టుకున్నా.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గురించి కూడా చెప్పాలి. ఐదు కేజీల ఇటుక తెచ్చి నానబెట్టి అలాగే వాడేసేదాన్ని, మొలకల ఆకుల అంచులు మాడిపోయేవి, ఎండ అనుకున్నా. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్ళు కడిగి పిండితేగానీ పోదు. దానికి తోడు మా బోరు నీళ్ళు, కుండీ అంచుకి తెల్లగా సున్నంలా పేరుకుంటుంది. ఇప్పుడు మొలకలకి వానాకాలంలో పట్టి పెట్టుకున్న వాన నీళ్ళే పోస్తున్నా. తేడా కంటికి కనిపిస్తుంది.

నన్ను బాగా ఏడిపించింది నారుకుళ్ళు తెగులు. 2020 ఆగస్టులో ఇరవై దాకా మొలకలు, రాత్రి బాగానే ఉన్నాయి, పొద్దున వెళ్తే సగం పడుకుని ఉన్నాయి. వేలితో లేపి చూస్తే పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, మట్టికి ఆనుకున్న చోట మాత్రం కాడ నీరు కారి దారంలా సన్నబడిపోయింది. ఇంక బతకవు. మా దగ్గర నర్సరీలో ఒక తాత ఉండేవాడు, ఆయనకి చూపిస్తే "నీళ్ళు ఎక్కువైనయ్ బిడ్డా, ఇసుక సగం కలుపు, పైన తడి ఆరినంకనే మళ్ళ పొయ్యి" అన్నాడు. అప్పట్నుంచి సగం ఇసుకే, నీళ్ళు కూడా పైనుంచి పొయ్యకుండా ట్రేని నీళ్ళ పళ్ళెంలో పెట్టి కిందనుంచి పీల్చనిస్తున్నా, కొంచెం ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మేలుచేసే బూజు) కూడా కలుపుతా. తెగులు మళ్ళీ రాలేదని అనను కానీ ట్రే మొత్తం పోవడం మాత్రం లేదు.

ఇక నాకు ప్రాణం బావోబాబ్. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న హాథియా కా ఝాడ్ అనే పెద్ద బావోబాబ్ చెట్టు చూశాక పట్టుకున్న పిచ్చి ఇది, ఆఫ్రికా చెట్టు, మొదలు చుట్టుకొలత 27 మీటర్ల దాకా ఉంటుంది, లోపల బోలు, పక్కన నిలబడితే మనిషి చీమలాగా ఉంటాడు. దీని గింజ రాయి. మొదటిసారి ఊరికే నానబెట్టి నెల రోజులు ఎదురుచూశా, ఒక్కటీ కదల్లేదు. తర్వాత నెయిల్ కట్టర్‌తో ఒక పక్క పెంకు కొంచెం, లోపల తెల్లగా కనబడేదాకా మాత్రమే గిల్లి, వేడి నీళ్ళలో వేసి రాత్రంతా వదిలేశా. తెల్లారేసరికి గిల్లినవి ఉబ్బి రెట్టింపయ్యాయి, గిల్లనివి అలాగే ఉన్నాయి. ఉబ్బినవి వేస్తే పది పన్నెండు రోజుల్లో మొలిచాయి. మొదట వచ్చే ఆకులు మామూలుగా ఒంటి ఆకులు, వేరే మొక్క వచ్చిందేమో అని నేను కంగారుపడ్డా, వేళ్ళలా విడిపోయే ఆకులు తర్వాత వస్తాయి. చలికాలం ఆకులన్నీ రాల్చేస్తుంది, చచ్చిపోయిందనుకుని నీళ్ళు పోస్తే అప్పుడు నిజంగానే వేరు కుళ్ళి పోతుంది. ఒకదాన్ని అలా చంపుకున్నా, ఇప్పటికీ బాధే. మిగిలిన రెండూ నడుము ఎత్తు ఉన్నాయి.

తురాయి చాలా ఈజీ, మరిగిన నీళ్ళలో గింజలు వేసి చల్లారేదాకా వదిలేసి ఉబ్బినవి నాటడమే, కానీ డాబా మీద పెంచే చెట్టు కాదు, వేళ్ళు అడ్డంగా పాకుతాయి, ఊళ్ళో పొలం గట్టుకి పంపించేశా. జకరండా గింజ కాగితం రేకులా ఉంటుంది, మొలకెత్తడం తేలిక, కానీ కుండీలో నాలుగేళ్ళు పుల్లలాగే ఉండిపోయింది. నేల లేకపోతే వద్దు. జపనీస్ మేపుల్, చెర్రీ బ్లాసమ్ గింజలు అమ్ముతుంటారు, అవి చలి దేశం చెట్లు, ఫ్రిజ్‌లో పెట్టి ఎలాగోలా మొలిపించినా మన మే నెల ఎండకి ఆగవు. ఆ డబ్బుతో మంచి ఇసుక కొనుక్కోండి.

పావురాలు, ఉడతలు ఉన్న డాబా అయితే ట్రే మీద వల తప్పనిసరి. మొలక కనబడితే చాలు పీకేస్తాయి.

ఈ ఏడు ఏప్రిల్‌లో సన్న బ్రష్‌తో రెండు అడీనియంల మధ్య పుప్పొడి మార్చా, ఒకటి ముదురు ఎరుపు, ఇంకొకటి తెలుపు. జంట కొమ్ముల్లా ఒక్క కాయ నిలబడింది, ఇప్పుడు గోధుమరంగు తిరుగుతోంది. పగిలితే గింజలు గాలికి ఎగిరిపోతాయని నిన్న అమ్మ పాత చీర అంచు నుంచి దారం తీసి ఇచ్చింది, కాయ చుట్టూ నాలుగు చుట్లు కట్టా, పొద్దున్నే మొదట దాన్నే చూసి వస్తున్నా.