ఎండ మండుతున్నా ఫ్యాను తిరగలేదు: మా డాబా మీది సోలార్, రెండేళ్ల తర్వాత

మిర్యాలగూడలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి రెండేళ్లు కావస్తోంది. ప్యానెళ్లెన్ని, వారంటీ ఎంత, కేంద్రం ఇచ్చే 78,000 సబ్సిడీ ఎలా వస్తుంది అన్నవి అందరికీ తెలిసినవే. నేను చెప్పేది పోయిన మే నెల నుంచి కడుపులో పెట్టుకుని తిరుగుతున్న సంగతి.

ఆ సాయంత్రం గాలిదుమారం లేచింది. వీధి చివర వేపకొమ్మ విరిగి తీగల మీద పడి స్తంభం ఒరిగిపోయింది. రాత్రంతా కరెంటు లేదు. పాత ఇన్వర్టర్ బ్యాటరీ తెల్లవారుజామున మూడింటికే అయిపోయింది. అమ్మకు ఆయాసం, మందును పొగమంచులా చేసి పీల్పించే నెబ్యులైజర్ పూటపూటా పెట్టాలి, అది కరెంటుతోనే నడుస్తుంది. నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. "పొద్దెక్కనీ అమ్మా, మన కరెంటు మనకొస్తది" అన్నాను.

ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఎండ చుర్రుమంటోంది. మెట్ల కింద గోడకున్న సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) మీద ఎర్ర లైటు తప్ప ఇంట్లో ఏదీ వెలగలేదు. పెట్టించినవాళ్లకు ఫోన్ చేస్తే "లైన్‌లో కరెంటు లేకపోతే అదీ రాదు సార్, ఆన్‌గ్రిడ్ కదా" అన్నారు, నాకు ముందే తెలిసినట్టు. ఆన్‌గ్రిడ్ అంటే వీధి లైనుకు కలిపి, దానితోపాటే నడిచేదట. కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న రోజు ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. ఇంతలో పక్కింటక్క రెండు ఫోన్లు పట్టుకుని వచ్చింది. "మీకు సోలార్ ఉంది గద తమ్మీ, జర ఛార్జింగ్ పెట్టు" అంటే ఏం చెప్పాలో తోచలేదు. అమ్మను ఆటో ఎక్కించి, కరెంటున్న మేనమామ ఇంటికి తీసుకెళ్లి అక్కడ మందు పెట్టించాను.

మధ్యాహ్నం స్తంభం నిలబెట్టడానికి వచ్చిన లైన్‌మన్‌ను ఇదేంటన్నా అని అడిగాను. "నేను లైన్ బంద్ చేయించి పైకెక్కుత సార్. అప్పుడు మీ ప్యానెళ్ల కరెంటు తీగలల్లకు వస్తె నా పానం ఉంటదా?" అన్నాడు. దాంతో యంత్రం మీద కోపం పోయింది. తీగలో కరెంటు లేదని గ్రహించగానే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేది ఆయన ప్రాణం కోసమే. అమ్మినవాళ్ల మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

పక్కన దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు, ఇటు సాగర్‌లో 800 మెగావాట్లు దాటిన జల విద్యుత్ కేంద్రం. కరెంటు పుట్టేచోటే ఉన్నాం, మనకేం భయం అనుకునేవాణ్ని. కానీ అక్కడ పుట్టిన కరెంటు పెద్ద లైన్లెక్కి, సబ్‌స్టేషన్‌లో దిగి, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటి వస్తేనే మాది. ఒక్క స్తంభం పడితే అన్ని మెగావాట్లూ అవతలే ఆగిపోతాయి.

బిల్లు సంగతి వేరు, అక్కడ వంక పెట్టలేను. అంతకుముందు వేసవిలో మాకు నెలకు 420 యూనిట్లు కాలేవి. 2022 ఏప్రిల్‌లో పెంచిన రేట్ల లెక్కన మిగతా ఛార్జీలు కాక యూనిట్ల ఖర్చే 2,880 రూపాయలు. పెట్టించాక, మా ప్యానెళ్లు లైనుకిచ్చినవి తీసేసి నికరంగా 90 యూనిట్లు పడిన నెల అది 221 రూపాయలకు దిగింది. అసలు కిటుకు స్లాబుల్లో ఉంది. 200 యూనిట్లకు 820 రూపాయలైతే 201కి 1,027 దాటుతుంది, ఎందుకంటే 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. సోలార్ ముందుగా కోసేది పైన ఉన్న 9 రూపాయలు, 9 రూపాయల 50 పైసల యూనిట్లనే. అందుకే మాకు అంత తేడా కనిపించింది.

ఇది చూసి మొదట్లో కనిపించినవాళ్లందరికీ పెట్టించుకోమని చెప్పాను. హాలియాలో ఉన్న తమ్ముడి వెంట కూడా పడ్డాను. వాడికి తెల్ల రేషన్ కార్డుంది, వాడకం 200 దాటదు, 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లే వస్తోంది. సున్నాలోంచి తగ్గించేదేముంది? వాడికి చెప్పింది పొరపాటే.

3 కిలోవాట్లకు రోజుకు 12 యూనిట్లు వస్తాయని అందరూ చెప్పే మాట కూడా మా దగ్గర తుడిచినన్ని రోజులే నిజం. చుట్టూ రైస్ మిల్లులు, బాయిలర్లలో ఊక కాలుస్తారు. తెల్లారేసరికి ప్యానెళ్ల మీద సన్నటి నల్లపొర, వేలితో గీస్తే గీత పడుతుంది. పది రోజులు వదిలేస్తే 10 యూనిట్లు కూడా రావడం లేదు. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. అందుకే ఫిల్టర్ నీళ్లు రెండు బకెట్లు, మెత్తటి పాత పంచె, పొద్దు పొడవకముందే పని. మే ఎండలో బాగా వస్తుందనుకున్నాను గానీ ప్యానెల్ కాగిపోతే ఉత్పత్తి పడిపోతుంది. మాకు ఫిబ్రవరి, మార్చిలోనే ఎక్కువ వచ్చింది.

మళ్లీ పెట్టిస్తావా అంటే, రెండు ఏసీలు, బోరు మోటారు ఉన్న మా ఇంటికి పెట్టిస్తాను, కానీ ఈసారి బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్‌తోనే. అది లైన్ పోగానే ఇంటిని తీగల నుంచి విడదీసి లోపలి ఫ్యాన్లు నడిపిస్తుంది. ఖర్చు బాగా ఎక్కువ, ఇంట్లో ఆయాసం ఉన్న పెద్దలు లేనివాళ్లకు అంత అవసరం ఉండకపోవచ్చు. మీరు కొనేటట్టయితే, ఇప్పటికే పెట్టించుకున్న ఒక ఇంటికి తీసుకెళ్లమనండి, పట్టపగలు మెయిన్ ఆపి ఏం వెలుగుతుందో చూపించమనండి. నేను బ్యాటరీకి అడ్వాన్స్ ఇచ్చాను. ఏప్రిల్ లోపు బిగిస్తామన్నారు. అప్పటిదాకా మబ్బు పట్టినప్పుడల్లా అమ్మ నెబ్యులైజర్ సంచి గుమ్మం దగ్గరే పెట్టుకుంటోంది.