ఫోటోలు సూపర్, పేర్లే తేడా, 2 స్టార్లు

సర్జాపూర్ రోడ్డులో ఉండేవాడికి ఆస్ట్రేలియా పాముల యాప్ ఎందుకురా అనకండి, మా చెల్లి వాళ్ళు బ్రిస్బేన్‌లో ఉంటారు, పెరట్లో ఏం పాకినా ముందు నాకే వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, చిన్నప్పుడు ఊళ్ళో జెర్రిపోతుకీ నాగుపాముకీ తేడా చెప్పేవాణ్ణని దానికి నా మీద అంత నమ్మకం. అక్కడి పాములు నాకేం తెలుసు, అందుకే నెలకి 399 కట్టి ఇది పెట్టుకున్నా.

మొదట్లో బానే ఉంది. రెడ్ బెల్లీడ్ బ్లాక్ ఫోటో పెడితే టక్కున చెప్పింది, నిగనిగలాడే నల్లటి వీపు ఎర్రటి పక్కలు ఉన్నదాన్ని ఎవడైనా చెప్తాడనుకోండి.

అసలు కథ ఫిబ్రవరిలో, అంటే వాళ్ళకి ఎండాకాలం. చెత్త డబ్బా పక్కన జానెడుకి కాస్త ఎక్కువున్న పిల్ల పాము, ఒళ్ళంతా లేత గోధుమ రంగు, తల నల్లగా, మెడ మీద ఇంకో నల్ల పట్టీ. యాప్‌లో పెడితే బ్లాక్ హెడెడ్ పైథాన్ 84 శాతం అని, పక్కన పచ్చ రంగులో విషం లేదు అని వచ్చింది. నేను అదే పంపించా. బావ చీపురు పట్టుకుని తోసేద్దామని బయల్దేరాడట, చెల్లి ఎందుకో ఆపి లైసెన్స్ ఉన్న స్నేక్ క్యాచర్‌కి ఫోన్ చేసింది. ఆయన చూడగానే అది ఈస్టర్న్ బ్రౌన్ పిల్ల అన్నాడట. ఆ దేశంలో పాము కాటు చావులు ఎక్కువగా ఈ బ్రౌన్ జాతి వల్లే, పిల్లకైనా పుట్టుకతోనే విషం ఉంటుంది. నాకు చేతులు చల్లబడిపోయాయి.

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, ఇది మొత్తం రంగు చూసి చెప్పేస్తోంది. ఈస్టర్న్ బ్రౌన్ పేరుకే బ్రౌన్, లేత రంగు నుంచి దాదాపు నలుపు దాకా ఉంటుంది, కొన్ని పిల్లలకి ఒళ్ళంతా చారలు కూడా ఉంటాయి. నల్లతల కొండచిలువేమో ఉత్తరం వైపు ఉండేది, బ్రిస్బేన్‌లో కాదు. ఫోటో ఎక్కడ తీశారు అని ఒక్క ప్రశ్న అడిగినా సరిపోయేది, అది మాత్రం అడగదు, లొకేషన్ పర్మిషన్ యాడ్స్ కోసం తీసుకుంటుంది కాబోలు.

నిజమైన తేడాలన్నీ పొలుసుల్లో ఉంటాయట. నడుం చుట్టూ వరసలు లెక్కపెడితే ఈస్టర్న్ బ్రౌన్‌కి 17, కోస్టల్ టైపాన్ అనే ఇంకో విషప్పాముకి 21 నుంచి 23. విషం లేని కీల్‌బ్యాక్‌కి కంటి ముందు లోరియల్ అని ఒక చిన్న పొలుసు ఉంటుంది, అచ్చం దానిలాగే కనిపించే విషప్పాము రఫ్ స్కేల్డ్‌కి ఉండదు. బతికున్న పాముకి నడుం కొలతలు తీయడానికి మనమేమన్నా దర్జీలమా. అంటే ఫోనులో దూరం నుంచి తీసిన ఫోటోతో 84 శాతం అని చెప్పడమే అన్యాయం, తెలీదు దూరంగా ఉండండి అని రావాల్సిన చోటు అది.

ఇంకోటి, కింగ్ బ్రౌన్‌ని వీళ్ళు బ్రౌన్ పాముల లిస్టులో పెట్టారు. అది బ్లాక్ స్నేక్స్ కుటుంబం, కరిస్తే ఇచ్చే మందు కూడా బ్లాక్ స్నేక్ యాంటీవెనమే. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఒకటే మందు, అక్కడ బ్రౌన్, బ్లాక్, టైగర్, టైపాన్, డెత్ యాడర్ అని విడివిడిగా ఉంటాయి, అన్నిటికీ కలిపిందీ ఒకటుంది. అక్కడ కాటు పడ్డచోట కడగొద్దంటారు, చర్మం మీద మిగిలిన విషాన్ని పరీక్షించొచ్చని. కాలికో చేతికో మొత్తం గట్టిగా కట్టు కట్టి కదలకుండా పడుకోబెట్టాలి. ఈ సంగతి యాప్‌లో మూడు మెనూలు దాటితే గానీ దొరకదు.

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో దొరికిన దాన్ని కూడా పెట్టి చూశా, కట్లపాము అంది. రెస్క్యూ అబ్బాయి వచ్చి వుల్ఫ్ స్నేక్ సార్ అన్నాడు, చారలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతున్నాయి చూడండి, కట్లపాముకి దీనికి తిరగేసి ఉంటుంది అని చూపించాడు. ఈ తప్పు నేను క్షమించేశా, విషం లేనిదాన్ని చూసి భయపడితే పోయేదేం లేదు. రెండో స్టారు దానికే.

చెల్లి ఆ క్యాచర్ నంబరు ఫ్రిజ్ మీద అంటించుకుంది, నేను సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేశా, ఈ నెల 399 మాత్రం వెనక్కివ్వరట.