బేల్దారి పిల్లల చదువుకు సాయం: పూర్తి ఉచిత బడా, షెడ్డు బడా, సర్కారు బడికి తోడా?

బెంగళూరులో సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు కొత్త అపార్టుమెంటు లేస్తున్న చోటల్లా పక్కనే రేకుల షెడ్లుంటాయి. వాటిలో చాలామంది పాలమూరు, కర్నూలు, అనంతపురం నుంచి బేల్దారి (తాపీ, కట్టుబడి) పనికి వచ్చినవాళ్ళు. ఈ పిల్లల చదువుకి ఏదైనా చేద్దామని ఎదురు అపార్టుమెంటు తెలుగువాళ్ళు చందాలేసుకుంటే ముందుకొచ్చే దారులు మూడు. ఏదైనా మంచిదేలే అనుకుంటే మాత్రం డబ్బు వృథా.

ఎందుకంటే ఈ పిల్లల ఏడాది వేరు, బడి ఏడాది వేరు. అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ పీకుడు అయ్యాకే చాలా కుటుంబాలు ఊరు కదులుతాయి. కర్ణాటకలో బడులు జూన్ ప్రాంతంలో తెరిచి ఏప్రిల్ రెండో వారంలో మూస్తారు. పిల్ల వచ్చేసరికి సగం పాఠాలు అయిపోయి ఉంటాయి. షెడ్లు కిటకిటలాడే ఏప్రిల్, మే నెలల్లో బడికి తాళం. తొలకరికి మళ్ళీ ఊరు.

మొదటిది పూర్తి ఉచిత ఇంగ్లీషు మీడియం బడి. 2003లో బెంగళూరులో మొదలైన పరిక్రమ లాంటివి ఫీజుతో పాటు తిండి, వైద్యం కూడా చూస్తాయి. బస్తీలో పదేళ్ళుగా స్థిరపడ్డ కుటుంబానికైతే ఇంతకంటే మేలైనది లేదు, ఒక పిల్ల సీటు ఖర్చు భరించండి చాలు. కానీ ఇలాంటి బడులు సాధారణంగా కింది తరగతుల్లోనే చేర్చుకుని పదేళ్ళు మోస్తాయి. జనవరిలో దిగిన తొమ్మిదేళ్ళ పిల్లకి అక్కడ చోటుండదు. విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్లంటారా, దగ్గర్లో సర్కారు బడి ఉంటే ప్రైవేటు బడి సీటివ్వక్కర్లేదని 2019 నుంచి ఇక్కడ నిబంధన మారింది. ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

రెండోది షెడ్డు బడి: సైటులోనే ఒక రేకుల గది, ఒక టీచరు. వారంలో మొదలుపెట్టొచ్చు, అదే దాని గొప్ప. స్లాబు పనులు అయిపోయి మేస్త్రీ మనుషుల్ని ఇంకో సైటుకి తోలితే గదీ పోతుంది, పిల్లలూ పోతారు. చేతికి టీసీ రాదు. మధ్యాహ్న భోజనం, పుస్తకాలు, యూనిఫాం రావు. ఒక్కటిగా చూస్తే మూడింటిలో ఇదే బలహీనం.

మూడోది పిల్లని సర్కారు బడిలో చేర్పించి, సాయంత్రం 4 నుంచి 6 దాకా షెడ్డు దగ్గర ఒక గదిలో బ్రిడ్జి క్లాసు, అంటే తప్పిపోయిన చదువు అందుకునే క్లాసు, నడపడం. మా ఓటు దీనికే. బడి 4కి వదిలితే అమ్మ పని 6కి అవుతుంది, ఆ రెండు గంటలు ఎలాగూ ఖాళీయే. ఏప్రిల్, మేలో అదే గదిలో ఉదయంపూట క్యాంపు పెట్టాలి. ఏడాది మొత్తంలో ఎక్కువ చదువు నడిచేది అప్పుడే.

చేర్పించేటప్పుడు హెడ్మాస్టరు టీసీ ఏదంటారు. ఆర్టీఈ చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 14 ప్రకారం వయసు రుజువు లేదని తిప్పి పంపకూడదు. సెక్షన్ 4 ప్రకారం వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఈ మూడూ కాగితం మీద కన్నడంలో రాయించి పట్టుకెళ్ళండి, వాదన తగ్గుతుంది. అసలు చిక్కు ఆన్‌లైన్‌లో వస్తుంది. బడి పిల్లల వివరాలుండే సర్కారు ఆన్‌లైన్ జాబితా యూడైస్‌లో పాత ఊరి బడి పేరు వదలకపోతే ఇక్కడ ఎక్కదు. ఆ హెడ్మాస్టరుకి ఫోన్ చేసి, పేరు అందులోని డ్రాప్‌బాక్స్‌లో (బడి వదిలిన పిల్లల పట్టీలో) పెట్టించుకోవాలి.

క్లాసులో పిల్లల్ని తరగతి చూసి కాదు, చదివే మెట్టు చూసి కూర్చోబెట్టండి: అక్షరాలు, పదాలు, పేరా, కథ. ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు చదివిస్తే తేలిపోతుంది. కన్నడం భయపడాల్సినంత దూరమేం కాదు. గ, జ, ద, ర, ల దాదాపు మనవే. క, త, హ మాత్రం విడిగా దిద్దించాలి. మాటలకి ఒక కిటుకుంది. మన పాలు వాళ్ళ హాలు, పులి హులి, పువ్వు హూవు. ఈ జంటలు గోడమీద రాస్తే పిల్లలే మిగతావి పట్టుకొస్తారు. లెక్కలకి పుల్లలు పదేసి కట్టండి. యాభై ఇచ్చి ఇరవై ఏడు రూపాయల సరుకు తెచ్చి చిల్లర సరిగ్గా లెక్కపెట్టే పిల్లే పలక మీద 50లోంచి 27 తీయమంటే తడబడుతుంది. సున్నాలోంచి ఏడు పోదని 7 రాసేస్తుంది. కట్ట విప్పి చూపిస్తే ఆ తప్పు పోతుంది.

ఏడాదికి 6.5 లక్షలు ఉన్నాయనుకుందాం. నెలకి 15 వేలకి ఇద్దరు పార్ట్‌టైం టీచర్లు, 3.6 లక్షలు. పిల్లల్ని బడికి చేర్చే వ్యాను పది నెలలు, నెలకి 12 వేలు, 1.2 లక్షలు. రోజంతా పసివాళ్ళని చూసే ఆయా నెలకి 12 వేలు, 1.44 లక్షలు. మిగిలిన 26 వేలు పలకలకి, జిరాక్సులకి. చాలామంది కోసేసేది ఆయా జీతమే. అది కోస్తే తమ్ముడిని చంకనేసుకున్న అక్క బడి మానేస్తుంది, వ్యాను సగం ఖాళీగా తిరుగుతుంది. సైటులో 50 మందికి మించి ఆడకూలీలుంటే పసిపిల్లల గది పెట్టాల్సింది యజమానేనని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం సెక్షన్ 35 చెప్పేది, 2025 నవంబరులో ఆ చట్టం చోట కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. ముందు బిల్డరుని అడిగి, ఇస్తే ఆ 1.44 లక్షలతో మూడో టీచరుని తొమ్మిది నెలలకి పెట్టుకోండి.

కుటుంబం ఊరికి బయల్దేరే వారం ముందే టీసీ తీయించండి. అసలు కాగితం తల్లి చేతికి, జిరాక్సు మీ ఫైల్లో, వెనకాల ఊరి బడి హెడ్మాస్టరు నంబరు.