మూడు నెలలకో సెల్లు తినే కారు కీ: ఐదేళ్ల వాడకం తర్వాత

కారు కొని ఐదేళ్లు కావస్తోంది. మైలేజీ, సీట్లు, సస్పెన్షన్ గురించి రాసినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది దాని స్మార్ట్ కీ గురించి, అందులో ఉండే బిళ్ల సెల్లు గురించి. ఒక ఏడాది పాటు ఆ చిన్న సెల్లు పెట్టినంత టెన్షన్ మిగతా కారంతా కలిపి కూడా పెట్టలేదు.

నిజానికి కొన్న కొత్తలో ఈ కీని కనబడిన ప్రతివాళ్ల దగ్గరా మెచ్చుకున్నాను. జేబులోంచి తీయక్కర్లేదు, రెండు చేతుల్లో సంచులున్నా హ్యాండిల్‌కి వేలు తగిలితే చాలు తలుపు తెరుచుకుంటుంది, రాత్రిపూట దగ్గరికి వెళ్తుంటే మనల్ని గుర్తుపట్టినట్టు అద్దాల కింద లైటు వెలుగుతుంది. కారుతో వచ్చిన సెల్లు రెండేళ్ల నాలుగు నెలలు పనిచేసింది. అప్పుడు చెప్పిందంతా ఇప్పటికీ నిజమే, కాకపోతే ఆ రోజుల్లో మేం ఐదో అంతస్తులో ఉండేవాళ్లం, కారు కింద సెల్లార్లో ఉండేది. ఆ తేడా ఎంత ముఖ్యమో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

తర్వాత ఇల్లు మారాం. ఇక్కడ కారు సరిగ్గా ముందుగది గోడ పక్కనే ఆగుతుంది, ఆ గోడకే లోపలివైపు తాళాలు తగిలించే కొక్కెం ఉంది. ఇల్లు మారిన కొత్తలోనే పాత సెల్లు అయిపోతే కొత్తది వేశాను, అది మూడు నెలలకే చచ్చిపోయింది. నకిలీ సరుకు అంటగట్టారనుకుని ఇంకో చోట, ఇంకో కంపెనీది కొన్నాను. అదీ అంతే.

మూడో సెల్లు చచ్చిన రోజు మాత్రం మర్చిపోలేను. నాన్నకి కంటి ఆపరేషన్ అయి ఇంటికి పంపించారు. కంటికి కట్టుతో ఉన్న మనిషిని మెల్లగా నడిపించుకుంటూ ఆసుపత్రి సెల్లార్‌లో కారు దాకా తెచ్చాను. హ్యాండిల్ ముట్టుకుంటే ఉలుకూ లేదు పలుకూ లేదు. కీ మీద బటన్ నొక్కినా లేదు. కీ పక్కనున్న చిన్న మీట లాగితే లోపలినుంచి ఇనుప తాళంచెవి వస్తుందని తెలుసు గానీ అప్పటిదాకా ఒక్కసారీ వాడలేదు, పైగా తలుపుకి తాళం రంధ్రమే కనబడదు. అది హ్యాండిల్ చివర ప్లాస్టిక్ మూత కింద ఉంటుందట. ఫోను లైటు వేసి, గోరుతో ఆ మూత ఊడబెరికి, ఎలాగో తిప్పి తలుపు తీశాను. తీశానో లేదో అలారం మొదలు. ఆ సెల్లార్‌లో ఆ హారన్ మోత నాలుగు గోడలకీ కొట్టుకుని వస్తుంటే నాన్న ఒక చేత్తో నా భుజం పట్టుకుని రెండో చేత్తో చెవి మూసుకున్నారు. నేను లోపల కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కుతూనే ఉన్నాను, డాష్‌బోర్డు మీద కీ దొరకలేదన్న మాటే వస్తోంది. అవతల బండి పెడుతున్న డ్రైవరెవరో పరుగున వచ్చి, "సార్, వేలితో కాదు, ఆ కీతోనే బటన్ నొక్కండి" అన్నాడు. నొక్కాను. అలారం ఆగింది, ఇంజన్ స్టార్టయింది.

ఇంటికొచ్చాక కారు పుస్తకం తీస్తే అదంతా అందులోనే ఉంది. కీలో సెల్లుతో పనిలేని చిప్పు ఒకటి ఉంటుంది. ఆఫీసు తలుపు దగ్గర పెట్టే యాక్సెస్ కార్డు సెల్లు లేకుండానే ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే, దగ్గరగా పెడితే కారే దానికి కావాల్సిన కరెంటు ఇస్తుంది. కీని అలా ఆనించాల్సిన చోటు మా కారులో స్టార్ట్ బటన్ దగ్గర, కొన్ని కార్లలో స్టీరింగ్ పక్కన, కొన్నింటిలో కప్పు పెట్టుకునే గుంటలో. మీ కారులో ఎక్కడో, తాళం రంధ్రం ఎక్కడ దాక్కుందో ఇవాళే చూసి ఒకసారి చేత్తో చేసి చూడండి. దయచేసి ఇది వాయిదా వేయకండి.

సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కీ పాడైంది, కొత్తది వేయించుకోవాలన్నారు. కీ విప్పి కనీసం లోపల చూసినవాళ్లు లేరు. నాకు ఇప్పటికీ కోపం అక్కడే. ఎందుకంటే అసలు కారణం తర్వాత ఒక రాత్రి నా కళ్లముందే కనబడింది. ముందుగదిలో లైట్లన్నీ ఆర్పేసి పడుకోవడానికి వెళ్తుంటే కొక్కెం దగ్గర సన్నటి ఎర్ర చుక్క ఒకటి మినుక్కుమంది. ఆగి చూశాను. ఎవరూ ముట్టుకోకుండానే, కొక్కేనికి వేలాడుతూనే కీ మీద ఉండే చిన్న లైటు వెలుగుతోంది, ఆరుతోంది. తీసి లోపలి గదిలోకి తీసుకెళ్లాను, ఆగిపోయింది. మళ్లీ తెచ్చి అదే కొక్కేనికి తగిలించి చీకట్లో నిలబడ్డాను, కొద్దిసేపటికి మళ్లీ మొదలైంది. బయట కారు అద్దం కింద లైటు కూడా వెలిగింది.

జరిగేది ఇదీ. దగ్గరికి రాగానే లైటు వేసే కారు, కీ వచ్చిందా అని తక్కువ ఫ్రీక్వెన్సీలో, ఎక్కువ కార్లలో 125 కిలోహెర్ట్జ్ దగ్గర, అప్పుడప్పుడూ పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపు కొద్ది దూరమే పోతుంది. అది వినబడినప్పుడల్లా కీ నిద్రలేచి 433 మెగాహెర్ట్జ్‌లో (కొన్ని దేశాల్లో 315) జవాబిస్తుంది, ఆ జవాబుకే సెల్లు ఖర్చు. ఐదో అంతస్తులో ఉన్నప్పుడు ఆ పిలుపు కీకి అందేది కాదు, ఇక్కడ మధ్యలో ఉన్నది ఒక్క గోడ. లెక్క వేసి చూశాను. మా కీలో వేసేది సీఆర్2032, దాని సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్స్. అది రెండేళ్లు రావాలంటే సగటున 13 మైక్రో ఆంపియర్లకు మించి లాగకూడదు. మూడు నెలలకే అయిపోతోందంటే ఎనిమిది రెట్లు లాగుతోందన్నమాట. పడకగది బీరువాలో ఉన్న రెండో కీకి ఈ ఏడాదంతా ఏ రోగమూ లేదు, ఆ సంగతి అప్పుడే తట్టి ఉంటే మూడు సెల్లులు మిగిలేవి.

కొక్కేన్ని ఊడదీసి ఇంటి వెనకవైపు గదిలో కొట్టాను. అంతే. అప్పుడు వేసిన సెల్లు పదిహేను నెలలు దాటినా ఇంకా నడుస్తోంది. ఇంతకు మించి ఏమీ చేయలేదు, పైసా ఖర్చు లేదు. తలుపు పక్కన కీ ఉంటే బయటినుంచి దాని సిగ్నల్‌ని పట్టి కారు దగ్గరికి మోసి దొంగతనం చేసే పద్ధతి కూడా ఒకటుంది కాబట్టి, దూరంగా పెట్టడం అందుకూ మంచిదే.

నకిలీ సెల్లు అని ముందు నేను నిందించిన షాపువాళ్ల తప్పేమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అయితే సెల్లు వల్ల వచ్చే తిప్పలు అసలు లేవని కాదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే నా చచ్చిన సెల్లు కూడా 2.9 వోల్టులు చూపించింది. ఊరికే కొలిస్తే అలాగే ఉంటుంది, కీ సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగితే అప్పుడు పడిపోతుంది, కాబట్టి మీటరు చూసి బాగానే ఉందనుకోకండి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్లులు వస్తున్నాయి, ఆ పూత వల్ల ఒక్కోసారి కాంటాక్ట్ సరిగ్గా తగలదు, స్పిరిట్‌తో అంచు తుడిస్తే సరిపోతుంది. 2032 బదులు 2025 వేయొద్దు, వెడల్పు అంతే గానీ మందం 3.2 మిల్లీమీటర్ల బదులు 2.5 మాత్రమే, అది వదులుగా ఆడుతుంది. ఎల్‌ఐఆర్2032 అని ఛార్జింగ్ పెట్టుకునేవి అసలే వద్దు, నిండుగా ఛార్జయితే 4.2 వోల్టులు ఉంటాయి, 3 వోల్టుల కీకి అవి తగవు. సిలికాన్ తొడుగు బిగుతుగా ఉండి బటన్‌ని నొక్కి పెడుతున్నా సెల్లు ఇలాగే ఖాళీ అవుతుంది. ఫోను ఛార్జరు, టీవీ, ఇండక్షన్ స్టవ్ పక్కన పెట్టినా కీ ఊరికే లేచి కూర్చునే అవకాశం ఉంది.

పాత సెల్లు మాత్రం టేబుల్ మీద వదిలేయకండి. కీకి పనికిరానిదైనా పసిపిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చేయగలదు. నేను తీయగానే రెండువైపులా టేపు చుట్టి అందనంత ఎత్తులో పెట్టేస్తాను.

మరి ఈ కీ మంచిదా అంటే, నాకు ఇప్పుడు మంచిదే. మాకు వెనక గది ఉంది కాబట్టి కుదిరింది. చిన్న ఇల్లు, మంచం పక్కనే కారు ఆగే పరిస్థితి అయితే ఇదే మాట చెప్పలేను. మా కారు సెట్టింగుల్లో ఆ దగ్గరికి రాగానే లైటు వేసే పని ఆపేసుకోవచ్చు, మీకూ అది ఉంటే ముందు అది ఆపి చూడండి. టొయోటా స్మార్ట్ కీల్లో అయితే లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే కీ మీద లైటు నాలుగుసార్లు వెలిగి సెల్లు ఆదా చేసే పద్ధతిలోకి వెళ్తుంది. కాకపోతే అందులో ఉన్నంతసేపు జేబులోంచి తీయకుండా తలుపు తెరుచుకునే సుఖం ఉండదు. మాకు అలాంటిదేమీ ఇవ్వలేదు, ఇచ్చి ఉండాల్సింది.

పదిహేను నెలలు అని గట్టిగా చెప్పాను గానీ ఈ మధ్య వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని, కారు బయటికి తీయడం బాగా తగ్గింది, రోజూ తిరిగేవాళ్లకి ఇంత రాకపోవచ్చు. పర్సులో ఒక కొత్త సెల్లు ప్యాకెట్ విప్పకుండా ఎప్పుడూ ఉంచుతున్నాను. నాన్న మాత్రం ఇప్పటికీ కారెక్కే ముందు తలుపు పట్టుకుని, "కీలో సెల్లుందా?" అని అడిగాకే కూర్చుంటారు.